వణుకు కంటే ముందు వచ్చేది

(పార్కిన్సన్స్ రోగులు, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక న్యూరాలజిస్టు చేసిన ప్రసంగం, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే, బాగానే ఉన్నట్టుంది.

ముందుగా ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. కుడిచేయి వణుకుతోంది, సంతకం చిన్నదైపోయి బ్యాంకులో ఒప్పుకోవడం లేదు, నడిచేటప్పుడు ఆ చేయి ఊగడం లేదు. చూడగానే పార్కిన్సన్స్ అని తెలిసిపోయింది. పరీక్ష చేసి, మందు రాసి, చీటీ చేతికిచ్చాను. వాళ్లు లేచి తలుపు దాకా వెళ్లాక ఆయన భార్య వెనక్కి తిరిగి, "డాక్టర్ గారూ, ఈయనకి పదిహేనేళ్లుగా మోషన్ ఫ్రీగా అవదండీ. అది కూడా చెప్పాలా?" అని అడిగింది. నేను నవ్వి, "అది నా డిపార్ట్‌మెంట్ కాదమ్మా, పొట్ట డాక్టర్ గారికి చూపించండి" అన్నాను.

ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నేను చెప్పింది తప్పు జవాబు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

తమాషా ఏమిటంటే, ఈ రోగానికి ఎవరి పేరు పెట్టామో ఆ మనిషే పొట్ట సంగతి గమనించాడు. జేమ్స్ పార్కిన్సన్ లండన్‌లో వైద్యుడు. 1817లో 'వణుకు పక్షవాతం' మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్న రోగులు ఆరుగురే. వాళ్లలో ముగ్గుర్ని వీధిలో చూశాడు, వారిలోనూ ఒకరిని దూరం నుంచి మాత్రమే. అంత తక్కువమందిని చూసి అంత సరిగ్గా వర్ణించడం చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. రోగం ముదిరేకొద్దీ పేగు మందగిస్తుందని, విరేచనం కష్టమవుతుందని అందులో రాశాడు. పొట్ట, పేగు పాడైతే దాని వల్ల నాడీమండలంలో ఎలా తేడా వస్తుందో తాను పట్టుకోలేకపోయానని, అయినా అలా జరగడం సాధ్యమేనని కూడా రాశాడు. ఆ దారి ఏమిటన్నది మేం మళ్లీ అడగడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? మెదడులో జవాబు దొరికింది కాబట్టి. అదీ మంచి జవాబే. 1950లలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో కదలికని నడిపించే డోపమిన్ అనే రసాయనం విలువ చూపించాడు. 1960లో వియన్నాలో ఓలె హార్నికీవిచ్ బృందం చనిపోయిన రోగుల మెదళ్లలో ఆ డోపమిన్ బాగా తగ్గిపోయి ఉందని కనిపెట్టింది. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియస్, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా అనే మందుని పెద్ద మోతాదుల్లో ఇచ్చి, కదలలేని వాళ్లని నడిపించాడు. ఇంత బాగా పనిచేసే మందు చేతికొచ్చాక పేగు గురించి ఎవరు ఆలోచిస్తారు? మలబద్ధకాన్ని రోగానికి తోకలాగా చూశాం. కదలిక తగ్గింది కాబట్టి, వయసు మీద పడింది కాబట్టి, మందుల వల్ల వస్తుంది అనుకున్నాం. కొంతవరకు అదీ నిజమే. కానీ మందు మొదలెట్టకముందు, కదలిక తగ్గకముందు, పదిహేనేళ్ల నుంచే ఉన్న మలబద్ధకం సంగతేమిటి?

ఇక్కడ ఒక ప్రొటీన్ పేరు చెప్పక తప్పదు. ఆల్ఫా సైన్యూక్లిన్. పేరు కష్టంగా ఉన్నా కథ సులువే. ఈ ప్రొటీన్ మనందరి నాడీ కణాల్లోనూ ఉంటుంది, దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. పార్కిన్సన్స్‌లో ఇది వంకరగా మడతపడి, ఒకదానికొకటి అంటుకుని, కణం లోపల ఉండల్లా పేరుకుంటుంది. ఆ ఉండల్ని 1912లో ఫ్రెడరిక్ లూయీ మైక్రోస్కోపు కింద చూశాడు. అందుకే వాటిని లూయీ బాడీలు అంటాం. అవి ఆల్ఫా సైన్యూక్లిన్‌తో నిండి ఉన్నాయని 1997లో తేలింది. లూయీ వాటిని మొదట చూసిన చోట్లలో ఒకటి వేగస్ నరం మొదలయ్యే కేంద్రం. డోపమిన్ తయారుచేసే నల్లటి భాగంలో, అదే సబ్‌స్టాన్షియా నైగ్రాలో, అవి ఉన్నాయని వేరొకరు చెప్పింది 1919లో. అంటే మొదటి ఆధారం 1912లోనే మన ముందుంది.

వేగస్ అంటే లాటిన్‌లో దేశదిమ్మరి అని అర్థం. ఆ పేరు దానికి తగినదే. మెదడు కాండం దగ్గర బయలుదేరి మెడలోంచి దిగి, గుండెని పలకరించి, ఊపిరితిత్తుల్ని చూసి, పొట్టలోకి, పేగుల్లోకి పాకుతుంది. మెదడు పేగుకి ఆజ్ఞలు పంపే తీగ అది అనుకుంటాం. నిజానికి దానిలో సుమారు 80 శాతం పోగులు కింద నుంచి పైకి వార్తలు మోసేవే. పేగు మాట్లాడేది ఎక్కువ, మెదడు చెప్పేది తక్కువ. (నవ్వులు) పేగు గోడల్లో దాని సొంత నాడీ కణాలు కోట్లలో ఉంటాయి. వాటిలోనూ ఆల్ఫా సైన్యూక్లిన్ ఉంటుంది.

2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం ఒక ఊహ ముందుకు తెచ్చింది. చనిపోయిన అనేకమంది మెదళ్లు కోసి చూసి, ఈ ఉండలు ఏ వరసలో వ్యాపిస్తాయో ఆరు దశలుగా గీశారు. మొదటి దశలో ఉండలు ఉండేది వాసన చూసే భాగంలో, వేగస్ కేంద్రంలో. వణుకు తెచ్చే ఆ నల్లటి భాగానికి అవి చేరేది మూడో దశలో. దాన్నిబట్టి వాళ్లు ఇలా ఊహించారు: బయట నుంచి వచ్చిన ఏదో ముక్కులోకో పేగులోకో చేరి, అక్కడి నాడీ కణాల్లో ఈ ప్రొటీన్‌ని వంకర చేస్తుంది. ఆ వంకర ఒక కణం నుంచి పక్క కణానికి అంటుకుంటూ వేగస్ తీగ పట్టుకుని పైకి ఎక్కుతుంది.

దీన్ని ఊహ అనే అంటున్నాను. బ్రాక్ కూడా ఊహ అనే అన్నాడు. అప్పట్లో చాలామంది నవ్వారు కూడా. కానీ ఊహకి బలమిచ్చే సంగతులు ఒక్కొక్కటే వచ్చాయి.

మొదటిది అప్పటికే ప్రచురితమై ఉంది. హోనొలులూలో గుండె జబ్బుల మీద ఏళ్ల తరబడి నడిచిన ఒక అధ్యయనంలో, 1970ల మొదట్లో 6,790 మంది మగవాళ్లని రోజుకి ఎన్నిసార్లు విరేచనం అవుతుందో అడిగి రాసుకున్నారు. ఎందుకు అడిగారో గానీ అడిగినవాళ్లకి దండం పెట్టాలి. 24 ఏళ్లు వాళ్లని గమనించారు. 96 మందికి పార్కిన్సన్స్ వచ్చింది. రోజుకి ఒక్కసారి కూడా అవని వాళ్లలో, రెండుసార్లు అయ్యేవాళ్లతో పోలిస్తే, రోగం వచ్చే అవకాశం నాలుగు రెట్లు. ఆ ప్రశ్న అడిగిన నాటి నుంచి రోగం బయటపడేవరకు సగటున 12 ఏళ్లు.

ఇక్కడ కొందరి ముఖాల్లో టెన్షన్ కనిపిస్తోంది. ఆగండి. నాలుగు రెట్లు అనే మాట వినడానికి భయంగానే ఉంటుంది. కానీ 6,790లో 96 అంటే వందకి ఒకటిన్నర మంది కూడా కాదు. రోజూ విరేచనం కాని పది వేల మందిని ఏడాదిపాటు చూస్తే వాళ్లలో కొత్తగా రోగం వచ్చింది సుమారు 19 మందికి. మిగతా వాళ్లందరికీ ఉన్నది ఉత్త మలబద్ధకమే. కాబట్టి మలబద్ధకం ఉంది కదా అని రేపు పొద్దున్నే నా దగ్గరికి రాకండి.

రెండో ఆధారం ఒక పాత ఆపరేషన్ నుంచి వచ్చింది. ఎసిడిటీకి ఇప్పుడున్న మందులు లేని రోజుల్లో పొట్టలో అల్సర్ తగ్గడానికి వేగస్ నరాన్ని కోసేసేవాళ్లు. పైకి వెళ్లే దారి వేగసే అయితే, ఆ దారి తెగిన వాళ్లకి పార్కిన్సన్స్ తక్కువ రావాలి కదా? డెన్మార్క్‌లో 2015లో, స్వీడన్‌లో 2017లో పాత ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. నరాన్ని మొదలంటా కోసిన వాళ్లలో, ఏళ్లు గడిచాక రోగం తక్కువగానే కనిపించింది. కొమ్మలు మాత్రమే కోసిన వాళ్లలో తేడా లేదు. అందంగా ఉంది కదా? అయితే అదే డెన్మార్క్ రికార్డుల్ని ఇంకో బృందం వేరే పద్ధతిలో లెక్కేసి, ఈ తేడా అంత గట్టిది కాదంది.

పేగుకి వేలాడే ఉండుకం, అదే అపెండిక్స్, విషయంలో ఇంకా గందరగోళం. 2018లో స్వీడన్ లెక్కలు చూసి, ఉండుకం తీయించుకున్న వాళ్లలో రోగం సుమారు 19 శాతం తక్కువ అన్నారు. పేపర్లన్నీ రాశాయి. మరుసటి ఏడాది అమెరికాలో 6 కోట్లకు పైగా రికార్డులు చూసిన వాళ్లు, తీయించుకున్న వాళ్లలోనే మూడు రెట్లు ఎక్కువ అన్నారు. పాత రికార్డుల్ని తిరగేసి కారణాలు వెతకడంలో ఉన్న చిక్కు అదే. ఉండుకం గురించి నన్ను అడగకండి.

జంతువుల్లో మాత్రం దారి స్పష్టంగా కనిపించింది. 2019లో జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు వంకర ప్రొటీన్ పోగుల్ని ఎలుకల జీర్ణాశయం, చిన్నపేగు గోడల్లోకి ఎక్కించారు. నెల తిరిగేసరికి అది మెదడు కాండంలో కనిపించింది. కొన్ని నెలలకి డోపమిన్ కణాలు దెబ్బతిన్నాయి. కదలిక పాడైంది, వాసన తెలియడం తగ్గింది, జ్ఞాపకం మందగించింది. ముందే వేగస్ కోసేసిన ఎలుకలకి ఇవేవీ రాలేదు. అంటే ఆ దారిలో ప్రయాణం సాధ్యమే. మనిషిలో అలాగే జరుగుతోందని దీనితో రుజువైపోలేదు. ఎలుకకి మనం సూదితో ఎక్కించాం. మనిషికి ఎవరు ఎక్కించారు?

ఇప్పుడు బాక్టీరియా దగ్గరికి వస్తున్నాను. దానికోసమే వచ్చారు, ఇంతసేపు తిప్పాను, క్షమించండి.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో లెక్క కట్టారు. వాటిలో చాలా వరకు పెద్దపేగులోనే. మన కణాల కంటే పది రెట్లు ఎక్కువ అని ఇదివరకు చెప్పేవాళ్లం, నేనూ వేదికలెక్కి చెప్పాను. అది తప్పు. ఇంచుమించు సమానం. బరువు చూస్తే మొత్తం కలిపి పావు కిలో కూడా ఉండవు.

2015లో ఫిన్లండ్‌లో ఫిలిప్ షెపర్యాన్స్ బృందం 72 మంది రోగుల మలాన్ని, 72 మంది ఆరోగ్యవంతుల మలాన్ని పోల్చి చూసింది. రోగుల్లో ప్రీవొటెల్లా కుటుంబం బాగా తగ్గిపోయింది. నిలబడటంలో, నడకలో ఎక్కువ ఇబ్బంది ఉన్నవాళ్లలో ఎంటరోబాక్టీరియా అనే ఇంకో కుటుంబం ఎక్కువగా ఉంది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి పోలికలు జరిగాయి. 2022లో అమెరికాలోని అలబామాలో హైదె పయామి బృందం 490 మంది రోగుల్ని, 234 మంది ఇతరుల్ని చూసి, పరీక్షించిన జాతుల్లో 30 శాతానికి పైగా తేడాగా ఉన్నాయంది. పేర్లు అధ్యయనానికి కొంచెం మారుతుంటాయి గానీ ఒక సంగతి పదేపదే కనిపిస్తోంది: పీచు పదార్థాన్ని తిని బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేసే బాక్టీరియా, అంటే రోజ్‌బురియా, ఫీకాలిబాక్టీరియం లాంటివి, రోగుల్లో తగ్గుతాయి.

బ్యూటిరేట్ తగ్గితే ఏం పోయింది? పెద్దపేగు లోపలి పొరలో కణాలకి ముఖ్యమైన తిండి అదే. ఆ తిండి తగ్గితే పొర బలహీనపడుతుంది. లోపల ఉండాల్సిన బాక్టీరియా ముక్కలు గోడ దాటి రక్తంలోకి, గోడలోని నాడీ కణాల దగ్గరికి చేరతాయి. అక్కడ వాపు మొదలవుతుంది. ఆ వాపులో ఆల్ఫా సైన్యూక్లిన్ ఎక్కువ తయారవుతుంది, వంకర తిరిగే అవకాశమూ పెరుగుతుంది. ఇంకో దారి కూడా ఉంది. ఈ-కొలై లాంటి కొన్ని బాక్టీరియా ఒకదానికొకటి అతుక్కోవడానికి కర్లీ అనే పోగు ప్రొటీన్‌ని అల్లుకుంటాయి. దాని ఆకారం మన వంకర ప్రొటీన్ ఆకారానికి దగ్గరగా ఉంటుంది. తోడు పెట్టిన పాలు పెరుగైనట్టు, ఆ కర్లీ పక్కన చేరితే మామూలు ఆల్ఫా సైన్యూక్లిన్ కూడా పేరుకుంటుందని ఎలుకల్లో చూశారు.

ఇంకో సంగతి చెప్పాలి. అకర్మాన్సియా అనే బాక్టీరియా ఉంది. ఊబకాయం, షుగర్ విషయంలో అది మంచిదని పేరు తెచ్చుకుంది, క్యాప్సుల్స్‌గా అమ్ముతున్నారు కూడా. పార్కిన్సన్స్ రోగుల్లో చూస్తే అది తగ్గలేదు, చాలా అధ్యయనాల్లో పెరిగింది! ఎందుకు పెరిగిందన్న దాని మీద వాదనలున్నాయి. అందుకే "మంచి బాక్టీరియా" అనే మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి మంచిది? ఎంత ఉంటే మంచిది? ఎక్కడ ఉంటే మంచిది?

ఇక అసలు చిక్కు. బాక్టీరియా మారడం వల్ల రోగం వచ్చిందా, రోగం వల్ల బాక్టీరియా మారిందా? చెట్టు ముందా, విత్తు ముందా? పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల పేగు నెమ్మదిగా కదులుతుంది. నెమ్మదిగా కదిలే పేగులో బాక్టీరియా ఎలాగూ మారుతుంది. వాళ్లు తినేది మారుతుంది. వాళ్లు వేసుకునే మందులు మారుస్తాయి. పరీక్ష చేసేసరికి రోగానికి పదేళ్లో ఇరవై ఏళ్లో వయసుంటుంది. మలం నమూనా ఇవాళ్టి సంగతి చెబుతుంది గానీ మొదటి రోజు సంగతి చెప్పదు.

ఆ ముడి కొంచెమైనా విప్పింది 2016లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సార్కిస్ మజ్మానియన్ బృందం. వాళ్ల దగ్గర ఉన్న ఎలుకలు పుట్టుకతోనే ఆల్ఫా సైన్యూక్లిన్ ఎక్కువగా తయారుచేసేవి. మామూలు బోనుల్లో పెరిగితే వాటికి కదలిక పాడవుతుంది. అదే ఎలుకల్ని ఏ సూక్ష్మజీవీ లేని బుడగలాంటి గదిలో పెంచారు. జన్యువు అదే, ప్రొటీన్ అదే, అయినా జబ్బు చాలా తక్కువ! తర్వాత కొన్నిటి పేగులోకి పార్కిన్సన్స్ రోగుల మలంలోని బాక్టీరియా, కొన్నిటికి ఆరోగ్యవంతులది ఎక్కించారు. రోగుల బాక్టీరియా ఎక్కిన వాటికి కదలిక ఎక్కువ దెబ్బతింది. గమనించండి, మామూలు ఎలుకలకి రోగుల బాక్టీరియా ఎక్కించినా జబ్బు రాలేదు. ముందే లోపం ఉన్న ఎలుకకే వచ్చింది. అంటే ఈ ప్రయోగం మేరకు బాక్టీరియా ఒక్కటే నిప్పు పెట్టలేదు, కానీ ఎండుగడ్డి ఉంటే మంట పెంచగలదు.

మరి మనుషుల్లో? అందరికీ పేగులోనే మొదలవుతుందా? నా దగ్గరికి వచ్చే వాళ్లలో కొందరికి వణుకు వచ్చేదాకా మలబద్ధకమే ఉండదు. డెన్మార్క్‌లో పేర్ బోర్గ్‌హామర్ చెప్పిన మాట ఇక్కడ నాకు నచ్చింది. ఈ రోగం రెండు రకాలు అంటాడు. ఒకటి ఒంట్లో మొదలై మెదడుకి ఎక్కేది, ఇంకొకటి మెదడులో మొదలై ఒంట్లోకి దిగేది. మొదటి రకం వాళ్లకి ముందు మలబద్ధకం వస్తుంది. నిద్రలో కలల్ని అభినయిస్తారు, అంటే అరవడం, పక్కనున్న వాళ్లని తన్నడం లాంటివి. వణుకు తర్వాతెప్పుడో. ఈ విభజనే నిజమైతే, అందర్నీ ఒకే గాటన కట్టి చేసిన పేగు అధ్యయనాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవడం లేదో కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు మీకు ఇవాళే పనికొచ్చే భాగం. పది నిమిషాలు నిద్రపోకండి.

మీలో చాలామంది లెవోడోపా వేసుకుంటున్నారు. డోపమిన్‌ని నేరుగా ఇవ్వలేం, అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. అందుకని దాని ముందు రూపమైన లెవోడోపాని ఇస్తాం. అది చిన్నపేగులో రక్తంలోకి ఎక్కి, మెదడులోకి దాటి, అక్కడ డోపమిన్‌గా మారాలి. దారిలోనే మారిపోతే మనకి దక్కదు, పైగా వికారం వస్తుంది. మన ఒంట్లో దాన్ని దారిలోనే మార్చేసే ఎంజైమ్ ఉంది. దానికి అడ్డు వేయడానికి మాత్రలో కార్బిడోపా కలుపుతారు. ఇంతవరకు పాత కథ.

2019లో అమెరికా నుంచి, నెదర్లాండ్స్ నుంచి రెండు బృందాలు ఒక కొత్త సంగతి చెప్పాయి. పేగులో ఉండే ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియాకి కూడా ఇలాంటి ఎంజైమ్ ఉంది. అది మన మాత్రని పేగులోనే డోపమిన్‌గా మార్చేస్తుంది. మన ఎంజైమ్‌ని ఆపే కార్బిడోపా దీని ఎంజైమ్‌ని ఆపలేదు. అంటే మనింటి తలుపుకి తాళం వేశాం, పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. అక్కడితో అయిపోలేదు. ఎగ్గర్తెల్లా లెంటా అనే ఇంకో బాక్టీరియా ఆ డోపమిన్‌ని మెటా టైరమిన్ అనే వేరే పదార్థంగా మార్చేస్తుంది. ఒకడు దొంగిలిస్తే ఇంకొకడు అమ్ముకున్నట్టు. ఎగ్గర్తెల్లా ఆ పని చేయగలదా లేదా అన్నది దాని జన్యువులో ఒకే ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంటుంది.

మోతాదు ఒకటే అయినా ఒకరికి మాత్ర బాగా పట్టి, ఇంకొకరికి పట్టకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఒక్కటే కారణం అనను. ఆ బాక్టీరియా ఎంజైమ్‌ని ఆపే పదార్థం ఒకటి ఎలుకలకి ఇస్తే రక్తంలో లెవోడోపా పెరిగింది. మనుషులకి అది ఇంకా మందుగా రాలేదు.

కానీ మిగతా అడ్డంకులు మన చేతిలో ఉన్నాయి. ఈ రోగంలో జీర్ణాశయం ఖాళీ అవడం నెమ్మదిస్తుంది. మాత్ర చిన్నపేగుకి చేరకుండా పైనే కూర్చుంటుంది. భోజనంలో ప్రొటీన్ ఎక్కువుంటే, అదీ లెవోడోపా ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి కాబట్టి తోపులాట అవుతుంది. మలబద్ధకం ఎక్కువైతే పై భాగం ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే చాలామందికి మాత్రని తిండికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటాం. వికారం వచ్చేవాళ్లకి సర్దుబాటు చేస్తాం. మధ్యాహ్నం మాత్ర పనిచేయడం లేదని వస్తే, మోతాదు పెంచే ముందు నేనిప్పుడు అడిగే మొదటి ప్రశ్న: "మోషన్ ఫ్రీగా అవుతోందా?"

ఇక ప్రశ్నలు. మైకు అటు పంపండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఆరోగ్యవంతుల మలాన్ని రోగుల పేగులోకి ఎక్కించే చికిత్స ఉందట కదా. అది చేయించుకోవచ్చా?

ఇప్పుడే వద్దు. 2024లో రెండు మంచి ప్రయోగాలు బయటికొచ్చాయి. బెల్జియంలోని ఘెంట్‌లో 46 మందికి చేశారు. సగంమందికి ఆరోగ్యవంతులది, సగంమందికి వాళ్లదే వాళ్లకి తిరిగి ఎక్కించారు, ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకి తెలియదు. ఏడాది తర్వాత కదలిక స్కోరు ఆరోగ్యవంతులది తీసుకున్న వాళ్లలో 5.8 పాయింట్లు, రెండో వాళ్లలో 2.7 పాయింట్లు మెరుగైంది. తేడా చిన్నదే గానీ ఉంది. అదే ఏడాది ఫిన్లండ్‌లో చేసిన ప్రయోగంలో మాత్రం ఏ తేడా కనిపించలేదు. ఇంకో సంగతి చూడండి, ఘెంట్‌లో తమది తామే తిరిగి పొందిన వాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. ఈ రోగంలో నమ్మకానికి బలం ఎక్కువ. ఉత్తుత్తి మందు ఇచ్చినా, అది పనిచేస్తుందని ఆశిస్తే రోగి మెదడులో నిజంగానే డోపమిన్ విడుదలవుతుందని 2001లోనే కెనడాలో స్కాన్‌తో చూపించారు. అందుకే ఎవరైనా "మా దగ్గర చేయించుకున్న ఫలానా ఆయన లేచి నడిచాడు" అని చెబితే, ఆయన నడిచింది నిజమే కావచ్చు. ఎందుకు నడిచాడన్నది వేరే ప్రశ్న. ప్రయోగాల్లో తప్ప బయట చేయించుకోవద్దు.

ప్రశ్న: ప్రోబయాటిక్ క్యాప్సుల్స్ వాడితే రోగం ఆగుతుందా?

రోగం ఆగుతుందని రుజువు లేదు. మలబద్ధకానికి మాత్రం కొంత పనిచేస్తాయి. ఇటలీలో, మలేసియాలో పార్కిన్సన్స్ రోగుల మీదే చేసిన ప్రయోగాల్లో విరేచనాల సంఖ్య పెరిగింది. అందుకోసం వాడితే అభ్యంతరం లేదు. "మెదడుకి మంచిది" అని డబ్బా మీద రాసి ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టండి. ఒక సంగతి, పొట్టలో అల్సర్ తెచ్చే హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉంటే దాన్ని చంపితే లెవోడోపా బాగా పట్టి కదలిక మెరుగవుతుందని కొన్నాళ్లు అనుకున్నాం. మలేసియాలోనే 2020లో జాగ్రత్తగా పరీక్షించి చూశారు. కదలిక మెరుగవలేదు. అల్సర్ కోసం దానికి చికిత్స చేయించుకోవాలంటే చేయించుకోండి, వణుకు కోసం కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి ఉంది. నాకు పెళ్లయిన దగ్గర్నుంచి మలబద్ధకం. ఇంటర్నెట్‌లో చదివి నిద్ర పట్టడం లేదండీ.

అమ్మా, రెండు వేరువేరు సంగతులు కలిపేశారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే మామూలు వాళ్లకంటే అవకాశం కొంత పెరుగుతుంది, కానీ ఎక్కువమంది పిల్లలకి రాదు. జన్యువుల్లో పేగుకి సంబంధం ఉన్నది ఒకటుంది, ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అంటారు. దానిలో కొన్ని మార్పులు పార్కిన్సన్స్‌కీ, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బుకీ రెండింటికీ అవకాశం పెంచుతాయి. పరిశోధకులకి అది చాలా ఆసక్తికరం, మీరు నిద్ర పాడుచేసుకోవాల్సినంత సంగతి కాదు. మలబద్ధకం ప్రపంచంలో అందరికీ వచ్చేదే. దాంతోపాటు వాసన తెలియడం మానేస్తే, నిద్రలో కలల్లో తన్నడం మొదలైతే, అప్పుడు వచ్చి చూపించుకోండి. ఈలోగా నీళ్లు, పీచు, నడక. అవి పార్కిన్సన్స్‌ని ఆపుతాయని చెప్పను, మలబద్ధకాన్ని తగ్గిస్తాయి. మీకిప్పుడు ఉన్న జబ్బు అదే.

ప్రశ్న: యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడితే వస్తుందా?

ఫిన్లండ్‌లో 2019లో రికార్డులు చూసి, కొన్ని రకాల యాంటీబయాటిక్స్ వాడిన వాళ్లలో పది, పదిహేనేళ్ల తర్వాత రోగం కొంచెం ఎక్కువగా ఉందన్నారు. ఉండుకం కథ గుర్తుందా? ఇదీ అలాంటి రికార్డుల లెక్కే. న్యుమోనియా వస్తే మందు మానేయకండి. జలుబుకి వేసుకోకండి, దానికి ఎలాగూ పనిచేయదు.

ప్రశ్న: మీరు మొదట్లో చెప్పిన పెద్దాయన తర్వాత ఏమయ్యారండీ?

ఆయన మళ్లీ వచ్చారు. నాలుగేళ్ల తర్వాత. మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే రెండు గంటలైనా చేయి కదలడం లేదు, ఒక్కోరోజు అసలు పనిచేయదు. మోతాదు పెంచుదామని పెన్ను తీశాను. భార్య పక్కనే కూర్చుంది, ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. నేనే అడిగాను. ఐదు రోజులకోసారి అవుతోందట. మాత్ర భోజనంతో కలిపి వేసుకుంటున్నారు. మోతాదు ముట్టుకోలేదు. విరేచనం సాఫీగా అవడానికి మందు రాసి, మాత్రని భోజనానికి ముందుకి జరిపాను. నెల తర్వాత మాత్ర ముప్పావుగంటలో పనిచేస్తోందని చెప్పారు. వణుకు తగ్గలేదు, రోగం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మధ్యాహ్నం తన భోజనం తన చేత్తో తింటున్నారు. ఆవిడ మాత్రం తలుపు దగ్గర ఆగి, "ఇది మీ డిపార్ట్‌మెంట్ కాదన్నారు కదండీ" అంది.